దేని మీద మొలిచింది? ఎటు తిరిగి పడి ఉంది?

మన బడి అడవి నడక ఎప్పుడూ ఆరుద్ర కార్తెలోనే ఉండేది. దానికి కారణముంది. తొలకరి పడిన వారం పది రోజులకు నల్లమల అంచున ఆకుచెత్త బాగా నాని పుట్టగొడుగులు లేస్తాయి. వేసవిలో బయటపడిన ఎముకలను కొత్త గడ్డి ఇంకా కప్పేసి ఉండదు. శ్రావణం దాకా ఆగితే గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. అప్పుడు ఎముకా కనపడదు, పామూ కనపడదు. ఈ నడకను మళ్లీ మొదలుపెట్టాలనుకునే బ్యాచ్‌ల కోసం అప్పటి పద్ధతి ఇది.

ఏది కనిపించినా ముందు చెయ్యి పెట్టకూడదు. దేని మీద ఉంది, ఎటు తిరిగి ఉంది అన్న రెండూ నోట్‌బుక్‌లోకి ఎక్కాకే మిగతా పని. రాయడం పెన్సిల్‌తోనే, సిరాతో రాస్తే ఒక్క చినుకుకే అలుక్కుపోతుంది. పక్కన పదిహేను సెంటీమీటర్ల స్కేలు పెట్టి కొలవాలి.

పుట్టగొడుగు ఎక్కడ పుడుతుందో దాని పేరే చెబుతోంది. టెర్మిటోమైసిస్ అనే రకం నిజంగానే చెదల గూటిలోంచి వస్తుంది. చెదలు లోపల పెంచుకునే బూజు తోట నుంచి దాని కాడ వేరులా సాగి నేల పైకి వస్తుంది. పట్టుకుని లాగితే ఆ వేరు పుటుక్కున తెగుతుంది, అసలు గుర్తు మట్టిలోనే ఉండిపోతుంది. అమానిటా జాతిలో ఇంకా ప్రమాదం. వాటిలో చాలావాటికి కాడ మొదట్లో సంచి లాంటి తొడుగు ఉంటుంది. కాడను తుంపితే అది నేలలో మిగిలి, విషపుది కాస్తా మామూలు తెల్ల గొడుగులా కనిపిస్తుంది. అందుకే బొరిగెతో చుట్టూ మట్టి వదులు చేసి, మొదలుతో సహా పైకి లేపాలి. పుట్టను మాత్రం తవ్వకూడదు. తీసినదాన్ని పాత పేపర్లో చుట్టాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమటపట్టి సాయంత్రానికి కుళ్లుతుంది. అభయారణ్యంలో అయితే ఒక్కటి కూడా తీయకూడదు, కొలతలు, బొమ్మతో సరిపెట్టుకోవాలి.

చెట్టు మానుకు అరల్లా అతుక్కుని ఉండే గానోడెర్మా అనే పుట్టగొడుగులో చూడాల్సింది దిశ. దాని అడుగున ఉండే సన్నని రంధ్రాలు ఎప్పుడూ నేల వైపే ఉంటాయి, ఎందుకంటే బీజాల పొడి కిందికి రాలాలి. పడిపోయిన మాను మీది అర నిలువుగా, పక్కకు తిరిగి ఉంటే చెట్టు నిలబడి ఉన్నప్పుడే మొలిచిందన్నమాట. నేలకు సమాంతరంగా ఉంటే చెట్టు పడ్డాకే వచ్చింది.

ఎముకలకూ ఇదే లెక్క. ఎండకు పై వైపు తెల్లబడుతుంది, అడుగు వైపు మట్టి రంగో నాచు పచ్చనో అంటుతుంది. తెల్లని వైపు నేలకు ఉంటే ఈమధ్యే ఏ జంతువో దాన్ని తిప్పి ఉండొచ్చు. ఎవరైనా ఎత్తి చూసి ఎలాగోలా పడేస్తే ఆ ఆధారం అక్కడితో పోయినట్టే.

దుప్పి కొమ్ము గట్టి ఎముక, ఏటా రాలి మళ్లీ వస్తుంది. మొదట్లో గరుకు వలయం, దాని కింద మొద్దుబారిన ముఖం ఉంటే తనంత తాను రాలినది. పుర్రె ముక్క అంటుకుని ఉంటే ఆ దుప్పి చచ్చిపోయింది. కొమ్ము మీద జంటలుగా చదునైన గాట్లుంటే అవి ఏదుపంది పళ్ల గాట్లు. ఖనిజ లవణాల కోసం కొరుకుతుంది. మేక కొమ్మయితే లోపల బోలు. అడవి అంచున దొరికే పుర్రె చాలాసార్లు ఊరి మేకదే అవుతుంది, అయినా చదవడానికి అదీ మంచిదే. పై దవడ ముందు పళ్లు లేకపోతే నెమరేసే జంతువు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది: ఎండిన దవడ నుంచి ముందు పళ్లు తేలిగ్గా ఊడిపోతాయి. పన్ను ఉందా అని కాదు, పన్ను దిగే గుంత ఉందా అని చూడాలి.

కొమ్ములు, పుర్రెలు ఎక్కడివక్కడే వదలాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఇంటికి తెస్తే కేసవుతుంది. కొత్త కళేబరం, అందులోనూ ఉబ్బి, ముక్కులోంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతున్నది కనిపిస్తే కర్రతో కూడా కదపకూడదు. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. ఆ బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. పిల్లల్ని గాలి వచ్చే వైపుకు తప్పించి, అటవీ సిబ్బందికి, పశువుల డాక్టరుకు కబురు పెట్టాలి.

హాస్టల్‌కు తిరిగొచ్చాక మిగిలేది బీజముద్ర పని, అంటే గొడుగు నుంచి రాలే బీజాల పొడిని కాగితం మీద అచ్చు పడనివ్వడం. గొడుగును కాడ నుంచి కోసి, సగం తెలుపు సగం నలుపు కాగితం మీద అడుగున ఉండే రేకులు కిందికి ఉండేలా పెట్టాలి. పైన ఒక నీటి చుక్క వేసి గాజు గ్లాసు బోర్లించి రాత్రంతా వదలాలి. టెర్మిటోమైసిస్‌ది లేత గులాబీ ముద్ర, అమానిటాది తెలుపు. పచ్చికలో కనిపించే, గోధుమ పొలుసుల క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్‌ది ఆకుపచ్చ. తినేవాటిలా కనిపించి వాంతులు, విరేచనాలు పట్టించేది ఇదే. ముద్ర చూశాం కదా అని ఏదీ వంటగదికి పంపకూడదు, రంగు కలిసినంత మాత్రాన జాతి కలవదు. లేత గొడుగు ముద్ర వేయదు, ముదిరినదాంట్లో పురుగు పడి కాగితం మరకవుతుంది. గ్లాసు బోర్లించడం మరిచి ఫ్యాన్ తిరగనిస్తే పొద్దున్నకు కాగితం ఖాళీ.