గుడి స్తంభం మీది యాళికి తొండం అతికించే పని: నా అనుభవం

యాళి డిజైన్ ఓకే అని నిన్న రాత్రి మెసేజ్ వచ్చింది, ఆ వేడిలోనే రాస్తా ఉండా. మాది కావలి. ఒక గేమ్ టీమ్ వాళ్లకి ఫాంటసీ లోకంలోకి జంతువులు కావాల్సొచ్చినాయి, చూసినోళ్లు ఇది నిజంగా అడవిలో బతుకుతాది అనుకోవాలంట. నేను మన యాళిని ఎంచుకున్నా, సింహం ఒళ్లు, ఏనుగు తొండం. డ్రాగన్లు గీసేదానికి లోకమంతా ఉండారు, మన గుళ్లో యాళిని పట్టించుకునేవాళ్లు ఏరీ?

కాళ్లు, తోక, జూలు తేలిగ్గా అయిపోయినాయి. రెక్కలు కూడా పెట్టమన్నారు, కుదరదన్నా. పక్షికైనా గబ్బిలానికైనా ముందుకాళ్లే రెక్కలైనాయి గానీ నాలుగు కాళ్లుండి పైన రెక్కలు మొలిచిన వెన్నెముక జంతువు ఒక్కటీ లేదు. స్తంభాల మీద ఉన్నట్టు ఏనుగుని తొక్కే సైజూ వద్దన్నా. అదే ఆకారాన్ని రెండింతలు చేస్తే బరువు ఎనిమిదింతలైతది, దాన్ని మోసే ఎముకని అడ్డంగా కోస్తే కనపడే వైశాల్యం నాలుగింతలే పెరుగుతాది.

నన్ను ఏడిపించింది తొండం. వీడియో కాల్‌లో బొమ్మ చూపిస్తే వాళ్ల పెద్దాయన, "ఇది మొదటి కాటుకే తన తొండం తనే కొరుక్కుంటాది గదయ్యా" అన్నాడు, అందరూ విరగబడి నవ్వారు. డౌట్ మంచిదే, అడిగే పద్ధతి అదా? రాత్రంతా నిద్రలేదు. చదివేకొద్దీ ముడి ఇంకా బిగిసింది. సింహం పెద్ద జంతువుని పడేసినాక గొంతు పట్టుకుని నిమిషాల తరబడి వదలదు, అంతసేపూ ఊపిరి ముక్కుతోనే, ఆ ముక్కే తొండమై నోటికీ గొంతుకీ మధ్యలో నలిగితే ఊపిరాడనిది యాళికే. పైగా ఏనుగు పుర్రెలో ముక్కు రంధ్రం పైన కళ్ల దగ్గరుంటాది, సింహానికేమో మూతి చివర.

పుర్రెలు కళ్లారా చూద్దామని జిల్లాలోనే ఒక చోటికి పోయినా. అద్దాల బీరువాలో కనపడతానే ఉండాయి, లోపలికి పోనిస్తే గదా. లెటర్ తెమ్మన్నారు, తెస్తే సారు లేడన్నారు, సారు వచ్చినాక "బొమ్మలేసుకునేవాడికి పుర్రెలెందుకు" అని నన్ను నిలబెట్టే వేరేవాళ్లతో మాట్లాడుకున్నాడు. పిల్లలు నేర్చుకునేదానికి పెట్టినవి బీరువాలో దుమ్ము పట్టించేదానికా? మీరు ఇట్టాంటి చోట్లకి పోవాకండి, మటన్ కొట్టుకి పొండి.

నిజంగానే చెప్తుండా. కొట్టు అన్నని అడిగితే పొట్టేలు తలకాయ తోలు ఒలిచి, మూతి కొయ్యకుండా ఇచ్చినాడు, ఏ కండ యాడ మొదలై యాడికి పోతాదో ఆయనే కత్తి మొనతో చూపించినాడు. పై దవడ ఎముక పక్కనుంచి పై పెదవికి ఒక కండ పోతాది, పట్టి లాగితే పెదవి లేస్తాది. ఏనుగు తొండమన్నా, టాపిర్ అని పందిలాగుండే అడివి జంతువు పొట్టి తొండమన్నా ముక్కూ పై పెదవీ కలిసి సాగిందే, లోపల ఎముక ఉండదు. అంటే తొండం పొట్టిదై ఆ కండలు బలిస్తే కరిచేటప్పుడు పైకి మడుచుకోవచ్చు.

అయినా మడిచిన తొండంతో నిమిషాల తరబడి గొంతు పట్టుకుంటే ఊపిరాడదు, అందుకే సింహం లాగా వేట కుదరదు, మరి తినేదేంది? జవాబు మన నల్లమల ఎలుగుబంటి దగ్గర దొరికింది. దానికి పైన మధ్య పళ్లు రెండుండవు, ఆ సందులోంచి పుట్టలో చెదల్ని పీల్చుకుంటాది, మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకుంటాది. అంతే, నా యాళి కూడా పుట్టలు తవ్వేదే. సింహం గోళ్లు తవ్వేదానికి, తొండం పీల్చేదానికి, బయటికొచ్చిన కోరలు అడివిపందికి మల్లే మగవి కొట్లాడుకునేదానికి. బరువు 140 కిలోలు పెట్టా, పెద్ద మగ ఎలుగుబంటి అంత, ఎందుకంటే చెదలు తిని ఏనుగంత పెరగదు.

మళ్లీ కాల్‌లో ఒక్కొక్క కండా చూపిస్తా పోయినా, ఈసారి ఎవరూ నవ్వలేదు. పుర్రె నుంచి మొదలుపెట్టి ఇట్టా యాళిని గీసినోడు నాకు తెలిసి ఇంకొకడు లేడు, ఆ మాట గట్టిగానే చెప్తా.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు తినే తిండి తేల్చుకోకుండా తల గీయొద్దు, పళ్లూ దవడా దాన్నిబట్టే వస్తాయి. అడ్వాన్స్ లేకుండా రెండోసారి మార్పులు ఒప్పుకోవద్దు.

ఇప్పుడు మకరం ఇచ్చారు, మొసలి మూతికి తొండమంట. మొసలికి కదిలే పెదవులే లేవు, తొండం దేంతో చేయాలో ఆలోచిస్తా ఉండా. మొసలి పుర్రెకి పక్కనుంచి, కింద నుంచి తీసిన ఫోటోలు ఎవరి దగ్గరన్నా ఉంటే పంపండి.