ముందు కాలు మీద బరువు పడ్డాకే

బాక్సింగ్ నేర్చుకుని ఎంఎంఏకి (పంచ్‌లు, కిక్‌లు, కుస్తీ అన్నీ కలిసిన పోటీకి) వచ్చేవాళ్లకి మొదట దెబ్బతినేది మొహం కాదు, ముందు కాలు. ఆ కాలు మీద బరువేసి, పాదం కాస్త లోపలికి తిప్పి నిలబడటం నాకు బాగా అలవాటు. హైదరాబాద్‌లో జిమ్ మారాక, నాకంటే సన్నగా ఉన్న ఒక కుర్రాడు స్పారింగ్‌లో (ప్రాక్టీస్ ఫైట్‌లో) ఆ కాలి పిక్కనే, మోకాలి కింద బయటివైపున, పదే పదే తన్నాడు. నొప్పి ఓర్చుకోగలిగినదే. కానీ రౌండ్ అయ్యేసరికి పాదం సరిగ్గా పైకి లేవడం మానేసింది. చెప్పులేసుకుని నడుస్తుంటే వేళ్లు నేలకి రాసుకుంటున్నాయి. ఇంట్లో మాత్రం కాలు బెణికిందని చెప్పాను.

పెరోనియల్ నరం సరిగ్గా అక్కడే ఎముక చుట్టూ తిరిగి, చర్మానికి దగ్గరగా కిందికి వెళ్తుంది. పాదాన్ని పైకి లేపేది అదే. తొడకున్నంత కండ దానికి అడ్డం లేదు. 2020 ఆగస్టులో ఒక ఎంఎంఏ ఫైట్‌లో మార్లన్ వేరా కిక్ తగిలాక షాన్ ఓమాలీ పాదం వేలాడిపోయింది, ఆ ఫైట్ మొదటి రౌండ్‌లోనే ముగిసింది.

మా కోచ్ నాచేత 2021 జనవరిలో అబుదాబిలో జరిగిన పోరియే, మెక్‌గ్రెగర్ ఫైట్ చూపించాడు. "చేతులు చూడకు తమ్మీ, కాళ్లు చూడు" అన్నాడు. 2014లో మెక్‌గ్రెగర్ చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడిన పోరియే ఈసారి పిక్క మీదే పని పెట్టుకున్నాడు. రెండో రౌండ్‌కి మెక్‌గ్రెగర్ కాలు మొరాయించింది, ఆ తర్వాత పంచ్‌లతో కథ ముగిసింది. నాకు అక్కడ అర్థమైంది ఒక్కటే: బరువు పడిన కాలిని వెంటనే ఎత్తలేం. అడుగు నేలకి ఆనేటప్పుడు కిక్ వస్తే చెక్ చేయడానికి వీలుండదు. బలం సంగతి తర్వాత.

చెక్ చేయడమంటే మోకాలెత్తి షిన్ (మోకాలి కింద ముందువైపు ఎముక) ఎదురు పెట్టడం. పిక్క కిక్‌కి అంత టైముండదు కాబట్టి పాదం బయటికి తిప్పి, పిక్క తగలాల్సిన చోట షిన్ తగిలేలా చూడమన్నాడు. నాకిది కుదరడానికి నెలలు పట్టింది. పాదం తిప్పితే పంచ్‌లో పవర్ పోయేది, పంచ్ కావాలనుకుంటే పాదం మళ్లీ లోపలికి వచ్చేసేది. చివరికి స్టాన్స్ (నిలబడే తీరు) కాస్త దగ్గర చేసి, బరువు వెనక్కి జరిపాను.

తన్నేవాడికీ గండం ఉంది. 2013 డిసెంబర్‌లో వైడ్‌మన్ చెక్ చేస్తే ఆండర్సన్ సిల్వా కాలు విరిగింది. 2021 ఏప్రిల్‌లో యురయా హాల్ చెక్ చేస్తే అదే వైడ్‌మన్ కాలు విరిగింది, అదీ 17వ సెకనులో. ఆ రెండు వీడియోలు నేను రెండోసారి చూడలేదు, చూడను కూడా. అందుకే ఉత్తి కిక్ వేయొద్దు, ముందు జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) చూపించి దృష్టి మళ్లించాలి.

నా అమెచ్యూర్ బౌట్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, షిన్ గార్డులు తప్పనిసరి. నరాలు తెగే టెన్షన్‌లో మొదటి రౌండ్ ఎలా గడిచిందో గుర్తులేదు. రెండో రౌండ్‌లో గమనించాను: ప్రత్యర్థి జాబ్ వేసే ముందు ప్రతిసారీ కాలు పొడుగ్గా వేస్తున్నాడు. ఆ కాలు ఆనగానే తన్నడం మొదలుపెట్టాను. గార్డుల వల్ల పెద్ద దెబ్బలేం కావు, కానీ అడుగు కుదించుకున్నాడు. దాంతో జాబ్ నన్ను అందుకోవడం మానేసింది. మూడో రౌండ్‌లో స్టాన్స్ మార్చి, చేతకాని వైపు నుంచి కొట్టాడు.

పాయింట్ల మీద గెలిచాను. ఇప్పుడు జిమ్‌లో అందరూ నా ముందు కాలు మీదే పడుతున్నారు.