118 కిలోల టేబుల్ సా, చిన్న కారు, 40 కిలోమీటర్లు

మేం తెచ్చుకోబోయే టేబుల్ సా, అంటే బల్లలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే చెక్క కోత మిషన్, మొత్తం బరువు 118 కిలోలు. రెండు అట్టపెట్టెల్లో వస్తుంది: పెద్దదాంట్లో మిషన్ 98, పొడుగుదాంట్లో ఫెన్సూ (కోసేటప్పుడు చెక్కను ఆనించే అడ్డుపట్టీ) అది జరిగే పట్టాలూ 20. బయల్దేరే ముందే పెట్టెల కొలతలు తెలుసుకుని డిక్కీని టేపుతో కొలిచాం. చాలామంది పొరబడేది ఇక్కడే. లోపలి వెడల్పు చూసి సరిపోతుందనుకుంటారు. పెట్టె దూరాల్సింది డిక్కీ నోట్లోంచి, అది లోపలికంటే ఇరుకు. మా కారు లోపల 102 సెంటీమీటర్లు ఉంటే, నోటి దగ్గర కింది అంచున 94, పైన వంపు తిరిగే చోట 81 మాత్రమే. ఎత్తు కొలిచేటప్పుడు తలుపు గొళ్లెం పట్టుకునే కొక్కేన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కారు మాన్యువల్ ప్రకారం మనుషులతో కలిపి 420 కిలోలు ఎక్కించవచ్చు. మేమిద్దరం 140, మిషన్ 118. అక్కడ ఇబ్బంది లేదు. నిండు లోడుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద వేరే అంకె ఉంటుంది. దాని ప్రకారం వెనక టైర్లకు 38 పీఎస్‌ఐ పట్టించాం.

షాపులో పెట్టెను ఎత్తి కారులో పెట్టేస్తామన్నారు. వద్దన్నాం. ఎక్కించడానికి అక్కడ నలుగురు దొరుకుతారు, దించడానికి ఇంటి దగ్గర ఉండేది మేమిద్దరమే. దించగలిగిన బరువులుగానే ఎక్కించాలి. అందుకని షాపు ఆవరణలోనే పెట్టె విప్పాం.

మిషన్ బోర్లా ప్యాక్ చేసి ఉంది, బల్ల కిందికి, కాళ్ల వైపు పైకి. ముందు బల్ల నాలుగు మూలలూ, బ్లేడును పట్టుకునే పోత భాగాలూ గోరుతో తడిమి చూశాం. పోత ఇనుము వంగదు, విరుగుతుంది. పెట్టె ఒక మూల మీద పడితే అట్ట కాస్త నలిగినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం వెంట్రుకంత బీట పడి ఉండవచ్చు. తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు మీద గోరు జారుతూ పోయి, బీట ఉన్న చోట టక్కున ఆగుతుంది. బీట ఏమీ లేదు. మోటారు ప్లేటు మీద వోల్టేజీ, సింగిల్ ఫేజా త్రీ ఫేజా కూడా అక్కడే చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక చూస్తే మళ్లీ ఇంత బరువూ వెనక్కి మోయాలి.

బల్లను వెడల్పు చేసే రెండు పక్క రెక్కలు, ఒక్కోటి 14 కిలోలు, విడిగానే ఉన్నాయి. మోటారు మాత్రం వెనక బ్రాకెట్‌కు వేలాడుతూ ఉంది. దాన్ని అలాగే వదలకూడదు. గుంతలో చక్రం పడ్డ ప్రతిసారీ 22 కిలోల మోటారు కుదుపు ఆ బ్రాకెట్ పట్టుకున్న పోత భాగం మీద పడుతుంది, బీటలు వచ్చేది కూడా అక్కడే. బెల్టు తీసి, రెండు బోల్టులు విప్పాం. ఆఖరి బోల్టు తీసేముందు ఒకరు రెండు చేతులతో మోటారును కింది నుంచి పట్టుకోవాలి, లేకపోతే అది ఒక్కసారిగా జారి వేళ్లమీద పడుతుంది. విప్పిన బోల్టులను వాటి రంధ్రాల్లోనే చేత్తో నాలుగు చుట్లు బిగించి ఉంచాం, దారిలో పోవు.

ఇంకా తేలికవుతుందని బల్లను కూడా బాడీ నుంచి ఊడదీద్దామా అనిపిస్తుంది. ఆ పని చేయకండి. బల్లకూ బాడీకీ మధ్య పల్చటి రేకులు పెట్టి, బ్లేడుకూ బల్లమీది గాడికీ సమాంతరం కుదిర్చి ఉంటారు. ఊడదీస్తే అదంతా మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. బల్లతో కలిపి బాడీ బరువు 48 కిలోలే. ఇద్దరికి అది పెద్ద బరువు కాదు.

వెనక సీటు పెద్ద భాగాన్ని నిలబెట్టే ఉంచి, చిన్న భాగాన్ని మాత్రం మడిచాం. మడిచిన పక్క నుంచి పట్టాల పెట్టె ముందు సీటు వీపు దాకా వెళ్లింది. నిలబెట్టిన సీటు వీపుకు ఆనించి, రబ్బరు మ్యాటు మీద బాడీని దాని అట్టపెట్టెతో సహా కూర్చోబెట్టాం. ఆ సీట్లో ఎవరూ కూర్చోకూడదు. ఖాళీ సీటుకే బెల్టులు పెట్టాం, సీటు వీపుకు అది అదనపు పట్టు. 50 కిలోమీటర్ల వేగంలో కారు గుద్దుకుని ఆగితే, కట్టని సామాను దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి పడ్డంత ఊపుతో ముందుకొస్తుంది. 48 కిలోల ఇనుము అలా వస్తే మధ్యలో ఏమున్నా ఆగదు.

రెక్కలను నున్నటి ముఖాలు ఎదురెదురుగా, మధ్యలో అట్ట పెట్టి పడుకోబెట్టాం. మోటారును దుప్పటిలో చుట్టి చక్రం గూటి మూలలో ఇరికించాం. తర్వాత రాచెట్ బెల్టులు (పిడి ఆడించేకొద్దీ ఇరుసుకు చుట్టుకుని బిగుసుకునే పట్టీలు) రెండు, డిక్కీ నేలమీది నాలుగు రింగులకు అడ్డంగా. ఇరుసు చీలికలోంచి బెల్టు దూర్చి, వదులంతా ముందు చేత్తోనే లాగేయాలి, ఆ తర్వాతే పిడి ఆడించాలి. ఇరుసు మీద ఒకటిన్నర చుట్టుకు తగ్గితే బెల్టు జారుతుంది, మూడుకు మించితే ఇరుక్కుపోయి విప్పడానికి రాదు. అట్ట మీదుగా నేరుగా బిగిస్తే అంచు నలిగేకొద్దీ బెల్టు వదులవుతుంది, అందుకే కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టాం.

అయినా పది కిలోమీటర్ల తర్వాత ఆపి చూస్తే ఒక బెల్టు వేలితో కదిలేంత వదులైంది. ఇంకో రెండు నొక్కులు. ఈ ఆపడం మానకూడదు.

వెనక బరువు పడటంతో ముందు చక్రాలు తేలికై స్టీరింగు మెత్తబడింది. హెడ్‌లైట్ల వెలుగు కూడా పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. డాష్‌బోర్డు మీద లైట్ల ఎత్తు తగ్గించే చక్రం ఉంది, దాన్ని రెండుకు తిప్పాం. ముందు బండికి ఎప్పటికంటే రెట్టింపు దూరం ఇచ్చి నడిపాం. డిక్కీ మూతపడని సామానైతే ఈ కారులో తెచ్చేవాళ్లమే కాదు. తెరిచిన డిక్కీతో నడిపితే పొగ లోపలికి తిరిగొస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంటి దగ్గర ముందు మోటారు, రెక్కలు, పట్టాలు దించాం. బాడీకి మాత్రం 2.4 మీటర్ల చెక్క పలకలు రెండు వాల్చాం. డిక్కీ అంచు 70 సెంటీమీటర్ల ఎత్తు, అంత పొడుగు పలక మీద వాలు తక్కువ కాబట్టి పెట్టె తనంతట తాను దూకదు, నెడితేనే కదులుతుంది. ఒకరు పైనుంచి తాడు పట్టుకుంటే, ఇంకొకరు పక్కనుంచి నడిపించారు. దిగే బరువుకు కింద ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

చల్లటి ఇనుమును వెచ్చటి తేమ గదిలో వెంటనే విప్పితే చెమట పట్టి తుప్పు మొదలవుతుంది. రాత్రంతా మూసే ఉంచి, పొద్దున విప్పి, కిరోసిన్ గుడ్డతో గ్రీజు తుడిచాం. బ్లేడు ముందు పన్నుకు గుర్తు పెట్టి, గాడి నుంచి దాని దూరం కొలిచాం. అదే పన్నును వెనక్కి తిప్పి మళ్లీ కొలిచాం. తేడా 0.1 మిల్లీమీటరే, అంటే సమాంతరం చెదరలేదు. మోటారు బోల్టులు వాటి రంధ్రాల్లోనే ఉన్నాయి.