మేఘమా, గుడిసా: జెరూసలేంలో పర్ణశాలల పండుగ

2019 అక్టోబరులో ఆఫీసు పని మీద టెల్ అవీవ్ వెళ్ళాల్సి వచ్చింది. తేదీలు చూసి అక్కడి సహోద్యోగి నవ్వాడు. "సుక్కోత్ వారంలో వస్తున్నావు. ఎవ్వరూ దొరకరు. ముందు జెరూసలేంలో మా నాన్నగారింటికి వచ్చేయ్, పని సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. సుక్కోత్ అంటే హీబ్రూలో గుడిసెలు, యూదులు ఆకుల కప్పు వేసిన గుడిసెల్లో గడిపే పర్ణశాలల పండుగ. ఆ మాట నాకు బాగా నచ్చింది.

విమానాశ్రయంలోనే రైలెక్కితే అరగంట లోపు జెరూసలేం. స్టేషన్ భూమికి 80 మీటర్ల లోతున ఉంటుంది. ఎస్కలేటర్లు ఎక్కీ ఎక్కీ పైకి వచ్చేసరికి చెవిన పడింది సుత్తి దెబ్బల చప్పుడు. యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ ఉపవాసం ముందురోజు సాయంత్రమే ముగిసింది. అది అయిన మర్నాటి నుంచీ పర్ణశాలలు కట్టే హడావుడేనట. ఇళ్ళ ముందు, హోటళ్ళ ముందు, కాలిబాటల మీద చెక్కలు, గుడ్డలు, ఖర్జూర మట్టల మోపులు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బాల్కనీలు ఒకదాని నెత్తిన ఒకటి ఉండవు, పక్కపక్కకి జరిపి కట్టారు. ఎందుకంటే సుక్కా, అంటే పండుగ గుడిసె, మీద ఆకాశం తప్ప ఇంకేమీ ఉండకూడదు. పై అంతస్తు బాల్కనీ అడ్డొస్తే ఆ గుడిసె చెల్లదు.

మహా ఛాందస యూదులుండే మెయా షెయారీమ్ వీధిలో మాదీఫలాలు (దబ్బపండు లాంటివి) అమ్ముతున్న బల్లల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. పండుగకి కావలసిన నాలుగింటిలో ఇదొకటి. తక్కినవి ఖర్జూరపు మొవ్వు, మరో రెండు రకాల చెట్ల రెమ్మలు. నల్లకోటు కుర్రాడొకడు భూతద్దం పెట్టి కాయని తిప్పి తిప్పి చూస్తున్నాడు. తొడిమకి అవతలి కొసన చిన్న మొటిమలాంటిది ఉంటుంది. అది విరిగితే కాయ పనికిరాదు. చుక్కంత మచ్చ కనిపించినా పక్కన పెట్టేస్తున్నాడు. అమ్మేవాడు విసుక్కోకుండా ఇంకో పెట్టె విప్పుతున్నాడు. పెళ్ళి చూపుల్లో కూడా ఇంత పరీక్ష ఉండదు.

పండుగ మొదటి రాత్రి పున్నమి. సహోద్యోగి నాన్నగారు, ఆ పెద్దాయన, డాబా మీద సుక్కా వేశారు. మూడు వైపులా ప్లైవుడ్ గోడలు, ఒక వైపు దుప్పటి, పైన ఖర్జూర మట్టలు. సూర్యాస్తమయం దాటితే ఫోను ముట్టుకోకూడదు కాబట్టి నా దగ్గర ఫొటో ఒక్కటీ లేదు. తేనెలో ముంచిన రొట్టె తింటూ, నాకు ముందునుంచీ ఉన్న అనుమానం అడిగేశాను. "గుడిసెల్లో ఎందుకుండాలంటే, ఐగుప్తు (ఈజిప్టు) నుంచి మిమ్మల్ని రప్పించినప్పుడు గుడిసెల్లో నివసింపజేశాను కాబట్టి అని దేవుడన్నట్టు బైబిల్లోని లేవీయకాండంలో ఉంది. బాగానే ఉంది. కానీ ఐగుప్తు నుంచి బయటపడింది వసంతంలో, పస్కా నాడు కదా? గుర్తు చేసుకోవడానికి ఆర్నెల్లు ఆగడమెందుకు?"

పెద్దాయన చెంచా కింద పెట్టారు. కొడుకు నావైపు 'అయిపోయావు' అన్నట్టు చూశాడు.

"ముందు అసలు ఆ గుడిసెలేమిటో తేలాలిగా" అని మొదలుపెట్టారు. యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తల్మూదులో దీని మీద ఇద్దరు రబ్బీలకి, అంటే మతగురువులకి, పడలేదు. అవి గుడిసెలే కావు, ఎడారిలో జనాన్ని కమ్మి కాపాడిన దేవుని మహిమా మేఘాలు అంటాడు రబ్బీ ఎలియెజెర్. కాదు, అచ్చంగా గుడిసెలే అంటాడు రబ్బీ అకీవా. ఇంకో పాత గ్రంథంలో పేర్లు తారుమారై, అకీవా మేఘాల పక్షాన ఉంటాడు. ఎవరు ఏ పక్షమైనా, తర్వాతి కాలంలో గెలిచింది మేఘాలే. ధర్మగ్రంథానికి ఓంకెలోస్ చేసిన అరమాయిక్ అనువాదం, 11వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు రాషీ వ్యాఖ్యానం, సఫేద్‌లో యోసెఫ్ కారో రాసిన ధర్మశాస్త్రం, అన్నీ అటే మొగ్గాయి. ఏడు మేఘాలట: నాలుగు దిక్కులా నాలుగు, పైనొకటి, కిందొకటి, ముందు దారి తీస్తూ ఒకటి. ఆ ముందుది గుట్టల్ని చదును చేస్తూ, పాముల్నీ తేళ్ళనీ చంపుతూ సాగిందట.

"మరి ఆర్నెల్లు?" అని వదల్లేదు నేను.

దానికి లిథువేనియా యూదు పండితుడు విల్నా గావోన్ (1720–1797) చెప్పిన లెక్క ఆయనకి ప్రాణమని గొంతులోనే తెలిసింది. ఎడారిలో జనం బంగారు దూడ విగ్రహాన్ని పూజించాక మేఘాలు వెళ్ళిపోయాయి. యూదు పంచాంగంలో తిష్రీ నెల 10న, అంటే యోమ్ కిప్పూర్ నాడు, వాళ్ళ నాయకుడు మోషే దేవుని క్షమాపణతో కొండ దిగాడు. 11న దేవుని ఆరాధనకి గుడారం కట్టమని చెప్పాడు. 12, 13 తేదీల్లో జనం కానుకలు తెచ్చారు. 14న పనివాళ్ళు అవన్నీ లెక్కచూసి తీసుకున్నారు. 15న పని మొదలైంది, ఆ రోజే మేఘాలు తిరిగొచ్చాయి. సుక్కోత్ సరిగ్గా తిష్రీ 15న. వేళ్ళు మడుస్తూ చెప్పి, చివరి వేలు దగ్గర ఆయన బల్ల మీద చరిచారు.

14వ శతాబ్దపు ధర్మశాస్త్ర పండితుడు యాకోవ్ బెన్ అషెర్ జవాబు ఇంత అందంగా లేదు గానీ లోకజ్ఞానం ఉంది. వసంతంలో నీడ కోసం అందరూ పందిళ్ళు వేసుకుంటారు, అది ఆజ్ఞ కోసమని ఎవరికి తెలుస్తుంది? వానలు ముంచుకొచ్చి అందరూ ఇళ్ళలోకి దూరే వేళ బయటికి వస్తేనే తెలుస్తుంది.

నా ఓటు మాత్రం రాషీ మనవడు రష్‌బామ్‌కి. గాదెలు నిండిన కోతల కాలంలోనే ఇల్లు వదిలి గుడిసెలో కూర్చోమన్నది, ఒకప్పుడు మనకి ఇల్లూ లేదు, పొలమూ లేదు అని గుర్తుండాలనీ, ఇదంతా నా బలంతోనే వచ్చిందని విర్రవీగకూడదనీ అంటాడాయన. మేఘాల కథ వినడానికి బావుంది. కానీ బానిసత్వం నుంచి పారిపోయినవాళ్ళు ఆకులూ కొమ్మలూ కప్పుకుని పడుకున్నారంటే నమ్మడానికి నాకు ఏ అద్భుతమూ అక్కర్లేదు. పైగా వాళ్ళు ఐగుప్తులోని రామెసేసు నుంచి బయల్దేరి మొదట ఆగిన చోటి పేరే సుక్కోతు.

ఆ మాట అంటే పెద్దాయన పైకి చూపించారు. "మరి ఈ కప్పు సంగతి?" కప్పుకి వాడేది నేల మీద మొలిచి, కోసిందే అయ్యుండాలి. రేకు, ప్లాస్టిక్ పనికిరావు. ఎండ కన్నా నీడ ఎక్కువుండాలి. ఎందుకిలా అంటే, మేఘం కూడా భూమి నుంచి లేచిందే కదా అంటాడు తల్మూదులోని రేష్ లాకిష్. రబ్బీ యోహానన్ ఒప్పుకోడు. కళ్ళంలో, ద్రాక్ష గానుగలో మిగిలిన చెత్తతోనే కప్పు వెయ్యమని ద్వితీయోపదేశకాండమే చెప్తోందంటాడు. "అదిగో, గుడిసె పక్షం వాళ్ళకీ ఆధారముంది" అన్నాన్నేను. ఆయన ఒప్పుకోలేదు.

నిద్రకి నేను లోపలి గదిలోకి వెళ్ళిపోయాను. బాటసారికి సుక్కా నుంచి మినహాయింపు ఉందని తల్మూదులోనే ఉందిలెమ్మని కొడుకు వంత పాడాడు. యూదుణ్ణి కానివాడికి అసలు ఆ నియమమే వర్తించదని పెద్దాయన సరిదిద్దారు.

పండుగ మధ్య రోజుల్లో ఇజ్రాయెల్ మ్యూజియంకి పంపింది కూడా ఆయనే. దక్షిణ జర్మనీలోని ఫిషాఖ్ అనే పల్లె నుంచి వచ్చిన 19వ శతాబ్దపు సుక్కా అక్కడుంది. చెక్క గోడల లోపలి వైపంతా రంగుల బొమ్మలు, ఒక చోట ఆ పల్లె, ఇంకో చోట జెరూసలేం. నాజీల కాలంలో, 1930లలో, దాన్ని రహస్యంగా దేశం దాటించి ఇక్కడికి చేర్చారు. అదే మ్యూజియంలో మన కొచ్చి కడవుంభాగం యూదుల ప్రార్థనామందిరం లోపలి భాగం కూడా ఉంది, చెక్కిన చెక్క పనితనంతో సహా. అక్కడే ఎక్కువసేపు గడిపాను.

తిరిగొచ్చాక పెద్దాయన అడిగారు, "ఫిషాఖ్ సుక్కాలో మేఘాలు కనిపించాయా?" అని. చెక్కలే కనిపించాయన్నాను.