దాపటెద్దు ఎటు నుంచి చూసినా దాపటే

మా పాప పదకొండో తరగతిలో అనాటమీ తీసుకుంది. డల్లాస్‌లో మా వంటింట్లో ఫ్రిజ్ మీద, మైక్రోవేవ్ మీద, చివరికి బియ్యం డబ్బా మీద కూడా చీటీలే. సుపీరియర్ అంటే పైన, ఇన్ఫీరియర్ అంటే కింద, మీడియల్ అంటే మధ్యగీత వైపు, లాటరల్ అంటే పక్క వైపు. పొద్దున్నే అరచేతులు ముందుకు తిప్పి, జేబులో పైసల్లేవని చూపించే మనిషిలా నిలబడేది. శరీరంలో ఏ దిక్కు చెప్పాలన్నా మనిషి ఇలాగే నిలబడ్డాడని అనుకోవాలట.

నేను నల్లగొండలో తెలుగు మీడియం బైపీసీ. పృష్ఠ తలం, ఉదర తలం, పార్శ్వం అన్నీ బట్టీ పట్టాను, కానీ వానపాముకూ బొద్దింకకూ మాత్రమే. అవి నా పెయ్యికి కూడా వర్తిస్తాయని ఎప్పుడూ తోచలేదు. శరీరాన్ని కోసినట్టు ఊహించుకునే తలాలు మాత్రం కత్తిపీట ముందేసుకుని చెప్పగలిగాను. నిలబెట్టిన బెండకాయను చక్రాలుగా కోస్తే ట్రాన్స్‌వర్స్. నిలువునా చీల్చి కుడి ఎడమలు విడదీస్తే సాజిటల్. లాటిన్‌లో సాజిటా అంటే బాణం, ఎదురుగా వచ్చి దిగేది. ముందు వెనకలు విడదీస్తే కరోనల్.

పాప తప్పిందల్లా కుడి ఎడమల దగ్గరే. పరీక్షలో బొమ్మ ఇస్తే, కాలేయం కాగితానికి ఎడమ పక్కన కనబడుతోందని ఎడమ అని రాసింది. మార్కులు పోయాయి. బొమ్మలో మనిషి మనకు ఎదురుగా ఉంటాడు కాబట్టి అది అతని కుడి అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ఆ రాత్రి మర్రిగూడ దగ్గరి మా ఊరికి వీడియో కాల్ చేస్తే, ఏడుపు మొహం చూసి అమ్మ ఆరా తీసింది.

"నాగలికి కట్టినప్పుడు దాపటెద్దు, వలపటెద్దు అంటం బిడ్డా. దాపట అంటే ఎడమ. నువ్వు ముంగటికొచ్చి నిలవడ్డా అది దాపటెద్దే. నువ్వు తావు మారితే ఎద్దు మారుతదా?"

మళ్లీ ఎప్పుడూ తప్పలేదు.

వేసవిలో ఊరికి వెళ్లాం. అమ్మకు కడుపు నొప్పి వచ్చింది. పాప పొట్టను తొమ్మిది గళ్లుగా విడదీసి ఎక్కడో చెప్పమంది. "పక్క బొక్కల కింద" అంది అమ్మ, అంటే పక్కటెముకల కింద. పాప చీటీల్లో వెతికింది: హైపోకాండ్రియాక్. ఆ గ్రీకు మాటకు అర్థం మెత్తటి ఎముక కింద అని. అంత పెద్ద పేరు వెనక ఉన్నది కూడా పల్లెమాటేనని నాకు ఆ రోజు తెలిసింది. అజీర్తేలెండి, సాయంత్రానికి తగ్గింది.

మర్నాడు పక్కింటి తాత వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి, కింది కాళ్లు బయటికి పోతాయి. పాప నా చెవిలో "జీను వాల్గమ్" అంది. మోకాలి కింది భాగం మధ్యగీతకు దూరంగా పోతే వాల్గమ్, దగ్గరికి వస్తే వేరమ్. పేరు సరిగ్గానే చెప్పింది, కారణమే తెలియదు.

చెప్పాను. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మా బోరు నీళ్లకు ఆ లెక్క తెలియదు. ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు చెడే ఫ్లోరోసిస్ ఉన్న పల్లెల్లో ఈ మోకాళ్ల గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లోనే రాశారు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. వంగిన బొక్క మాత్రం నిటారు కాదు. నేను హైస్కూల్ దాకా ఆ బోరు నీళ్లే తాగాను. నా పళ్ల మీది గోధుమరంగు చారలు చాయ్ వల్ల వచ్చాయని పాప ఇన్నాళ్లూ అనుకుంటోందట.

అమ్మకు ఇంగ్లిష్ రాకపోయినా గుసగుస అర్థమైంది. "గా పేర్లు తాత ముంగట అనకు, చాయ్ ఇయ్యిపో" అంది.

పాప గ్లాసు ఇచ్చి, పక్కన కాదు, ఎదురుగా కింద కూర్చుంది. తన వచ్చీరాని తెలుగులో "తాతా, ఏ కాలు ఎక్కువ నొప్పి?" అని అడిగింది.

"దాపటిది బిడ్డా" అని నవ్వాడాయన.

ఒక్క క్షణం ఆగి, తన కుడి చెయ్యి చాపి, ఆయన ఎడమ మోకాలి మీద పెట్టింది.