అక్క పెళ్లికి ఏ ఫిల్మ్? మధుపర్కాలే తేల్చాయి

పెద్దమ్మ కూతురి పెళ్లి. ముహూర్తం రాత్రి 2 దాటాక. కలర్‌కీ వీడియోకీ వేరే మనుషులున్నారు. నేను తీసేది బ్లాక్ అండ్ వైట్ మాత్రమే: నికాన్ ఎఫ్‌ఎం2, 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్. ఫ్లాష్ వద్దనుకున్నాను.

రాత్రి పెళ్లి కదా అని మొదట ఇల్ఫోర్డ్ కంపెనీ ఫిల్మ్ డెల్టా 3200 వైపు చూశాను. పేరులో 3200 ఉన్నా దాని అసలు స్పీడ్ (వెలుగును పట్టే శక్తి, ఐఎస్‌ఓ) 1000 దగ్గరే. గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రేణువులు) కూడా ఎక్కువ. అక్క ముఖం మీద అంత గ్రెయిన్ నాకిష్టం లేదు. ఎక్స్‌పీ2 మంచి ఫిల్మే గానీ కలర్ నెగెటివ్ కెమికల్స్‌లో కడగాలి, ఇంట్లో నాకు కుదరదు. అలా హెచ్‌పీ5 ప్లస్ దగ్గర ఆగాను. ఇది 400 ఫిల్మ్. పుష్ చేయడమంటే ఫిల్మ్ స్పీడ్ ఎక్కువనుకుని తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచడం. 800 దాకా పుష్ చేయాలా, 1600 దాకానా?

100 అడుగుల రోల్ నుంచి 12 ఫ్రేములవి రెండు చుట్టుకున్నాను. అమ్మ తన పెళ్లినాటి మధుపర్కం చీర భుజాన వేసుకుని ఎల్‌ఈడీ బల్బు కింద ఓపిగ్గా కూర్చుంది. ఒకటి 800లో, ఒకటి 1600లో తీశాను. ఐడీ-11 డెవలపర్ (ఫిల్మ్ కడిగే రసాయనం), నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర: 800కి 10 నిమిషాల 30 సెకన్లు, 1600కి 14 నిమిషాలు. మా కుళాయి నీళ్లే 31 డిగ్రీలు! సీసాలను ఐస్ వేసిన టబ్బులో అరగంట ఉంచాల్సి వచ్చింది.

1600లో చీర మడతలన్నీ తెల్లగా కలిసిపోయాయి, కళ్ల కింద నల్లటి గుంటలు. పుష్ చేస్తే వెలుగు పడ్డచోట్లే ఇంకా తెల్లబడతాయి, వెలుగు పడని నీడలో కొత్తగా ఏమీ రాదు. తెల్ల మధుపర్కం పక్కన మన ఒంటి రంగు ఉన్నప్పుడు ఇది బాగా దెబ్బతీస్తుంది. 800లో నేత కూడా కనిపించింది. పసుపు దాదాపు తెల్లగా వస్తుందని, కుంకుమ చక్కటి ముదురు రంగులో నిలుస్తుందని కూడా అప్పుడే చూసుకున్నాను.

పెళ్లిలో వెలుగు కొలిచే మీటర్ అక్క చెంప మీదే చూశాను. తెల్లబట్ట మీద చూస్తే ముఖం నల్లబడుతుంది. వీడియో లైట్ల కింద 800కి లెన్స్ ఎఫ్/2, షట్టర్ 1/125 సెకను వచ్చింది. జీలకర్రబెల్లం పెట్టి, తెర తీసిన క్షణానికి అది చాలు. తలంబ్రాల బియ్యం గీతల్లా సాగింది, నాకదే నచ్చింది. హోమం దగ్గర వెలుగు తగ్గి 1/30కి దిగాను. అక్కడ నాలుగు ఫ్రేములు కదిలిపోయాయి, అందులో పెద్దనాన్న కళ్లు తుడుచుకుంటున్నదీ ఒకటి. దానికి చాలా బాధగా ఉంది.

మొత్తం 5 రోళ్లు. 4 కడిగాను, తెర తీసిన ఫ్రేములో అక్క కనురెప్పలు కూడా విడివిడిగా ఉన్నాయి. తెల్లవారాక తీసిన అప్పగింతల రోల్ మిగిలింది. ఐస్ ఫ్రీజర్లో పెట్టాను, రేపు పొద్దున్నే కడుగుతాను.