పిల్లల కంచంలో మిగిలిన ముద్ద

రెండో కాన్పు తర్వాత నా బరువు 71 కిలోలకు చేరింది. అన్నం మానేసి చూశాను, వారానికే కళ్లు తిరిగాయి. అప్పుడే నా తిండిని గమనించడం మొదలుపెట్టాను. పిల్లలు వదిలేసిన పెరుగన్నం ముద్ద, గిన్నె అడుగున మిగిలిన పప్పు, పారేయడానికి మనసొప్పక నోట్లో వేసుకున్న సగం దోసె... ఇవేవీ నా లెక్కలో లేవు. ఆకలేసి తిన్నవీ కావు. మా అమ్మ కూడా అలాగే తినేది, అందరి తర్వాత, నిలబడి. తలచుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు అందరితో పాటే కూర్చుని తింటున్నాను. కంచంలో సగం కూరలే. నూనె చెంచాతో కొలుస్తున్నాను. బరువు కన్నా నడుము కొలతే ముఖ్యమనిపిస్తోంది: మన స్త్రీలకు అది 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. నాది ఎనిమిది నెలల్లో 91 నుంచి 84కు వచ్చింది. నిన్న రాత్రి మిగిలిన ముద్ద మా వీధి కుక్కకు పెట్టాను.